దోసకాయ దాక్కునే చోటు

పిల్లలు కూరలు ముట్టడం లేదని కేకులో బీట్‌రూట్ దూర్చడం ఈమధ్య గొప్ప విద్యగా చెలామణీ అవుతోంది. గుడ్డు లేదు, పాలు లేవు, గోధుమ లేదు అంటూ మూడు వేళ్లు మడిచి మరీ చూపిస్తున్నారు. చూపించనివ్వండి. నా ఓటు మాత్రం తవసళికే. కొంకణ తీరంలో, గోవాలో పైనా కిందా నిప్పులు పెట్టి కాల్చే తీపి రొట్టె అది. కొందరు ధోండస్ అంటారు. తవసే అంటే దోసకాయ. పేరులోనే కాయ ఉన్నా, తినేవాడికి ఒకరు చెబితే తప్ప నాలుక పోల్చుకోలేదు.

మనం పప్పులో వేసుకునే గుండ్రటి దోసకాయ కాదిది. వానాకాలంలో తీగ మీదే ముదిరి పసుపు తిరిగిన పొడుగాటి కాయ. ఆ తీరంలో దూలాలకు వేలాడగట్టి నెలల తరబడి దాచుకుంటారు. హైదరాబాదులో మా పక్కింటి ఆయీ అలాంటి కాయనే కార్వార్ నుంచి రైల్లో, చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. నాకు తవసళి రుచి చూపింది ఆమే.

చెక్కు తీసి, గింజలు తోడి, కోరాలి. కోరు పిండారో, వంట పోయినట్టే. బియ్యం రవ్వను రెండు చెంచాల కొబ్బరినూనెలో దోరగా వేయించాలి. నెయ్యి వేసేవాళ్లూ ఉన్నారు, నేను కొబ్బరినూనె పక్షం. వేయించని రవ్వ తడి తగలగానే ముద్దకడుతుంది. గ్లాసు రవ్వకు రెండు గ్లాసుల కోరు, ముప్పావు గ్లాసు బెల్లం, అర గ్లాసు పచ్చికొబ్బరి, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి. కోరూ బెల్లమూ ఉడుకుతుండగా రవ్వ, కొబ్బరి కలిపి, దగ్గరపడ్డాక అరిటాకు పరిచిన మందపాటి గిన్నెలోకి దించాలి. మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు, కింద సన్న సెగ. మన దిబ్బరొట్టె కాల్చిన చేతికి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆయీ గ్లాసు పట్టడం నేనెప్పుడూ చూడలేదు. కోరును గుప్పెట్లోకి తీసుకుని, వేళ్ల సందున జారే నీటిని బట్టి రవ్వ పోసేది. కాయ ముదురైతే ఒక గుప్పెడు తగ్గించేది. కొబ్బరి ఈనె గుచ్చి తీస్తే తడి అంటకుండా రావాలి. అంచు ముదురు గోధుమ రంగులో కరకరలాడుతుంది, నడిమి భాగం వెన్నలా ఉంటుంది. పెద్ద పెద్ద ఓవెన్లున్నవాళ్ల దగ్గర కూడా ఆ అంచు నాకు దొరకలేదు!

ఇందులో కిటుకు కాయ నీటిదే. గోధుమ కేకును గ్లూటెన్ జిగురు నిలబెడుతుంది. బియ్యానికి ఆ జిగురు లేదు, అందుకే ఎన్నో బియ్యప్పిండి కేకులు ఇసుకలా రాలిపోతాయి. ఇక్కడ దోసకాయ నీటిని రవ్వ తాగి ఉబ్బుతుంది, చల్లారేకొద్దీ బిగుస్తుంది. వేడిమీద కోస్తే చెదిరిపోతుంది. ఓపిక పట్టినవాడికే ముక్క నిలుస్తుంది. తీపిలో కూరగాయ వేరేచోటా ఉంది. 1940లో చక్కెరకు రేషన్ వచ్చాక బ్రిటన్ ఇల్లాళ్లు క్యారెట్ తురుముతో తీపి వంటలు గట్టెక్కించారు. అది కరువు నేర్పిన తెలివి. తవసళిలో కాయ కొరత తీర్చడానికి వచ్చింది కాదు, అది లేకపోతే రొట్టే లేదు.

అందుకే నకళ్లు చూస్తే ఒళ్లు మండుతుంది. ఒక ప్రదర్శనలో 'గ్లూటెన్ లేని దోసకాయ కేకు' అని బోర్డు చూసి ఎగబడి కొన్నాను. పసుపు రంగు, యాలకుల ఎసెన్సు, సోడా పొంగు. రవ్వ ఏమిటని అడిగితే బొంబాయి రవ్వ అన్నారు. బొంబాయి రవ్వ గోధుమే కదండీ! గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బున్న మనిషి ఆ బోర్డు నమ్మి తింటే పేగుకు పుండు పెట్టుకున్నట్టే. ఇక దోసకాయ అంటారా, భూతద్దం పెట్టి వెతికినా కనిపించలేదు. ఇంత పొదుపైన వంటలో కూడా కాయను ఎగ్గొట్టి అమ్ముకోవాలా?

'ఆరోగ్యం' అన్న మాటనూ ఇష్టమొచ్చినట్టు అతికించకండి. బెల్లమూ చక్కెరే, మధుమేహం ఉన్నవాళ్లకు ముక్క ముక్కే. అయితే వెన్న, మైదా లేకుండా ఒక కాయ ఇంత పని చేస్తుంటే దాన్ని పొగడకుండా ఉండటం నా వల్ల కాదు.

ఆయీకి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. నిప్పుల ముందు కూర్చోలేదు. కోడలు కుక్కర్లో చేస్తోంది, అదీ ఫరవాలేదు గానీ అంచు రావడం లేదు. మన ఇళ్లలోనూ దిబ్బరొట్టె గిన్నెలు అటక ఎక్కాయి. ఈ వానాకాలం ఒకటి కిందికి దించండి. కొంకణ కాయ దొరక్కపోతే మన ముదురు కీరదోసతో మొదలుపెట్టండి. కోరే ముందు మాత్రం మీ అమ్మ చెప్పినట్టే, చిన్న ముక్క కోసి చేదు చూడండి.