కర్త తెలియని పద్దు

మ్యూజియంలో అద్దాల బీరువా ముందు నిలబడ్డవాళ్ళు వస్తువును తనివితీరా చూస్తారు. పక్కనున్న చీటీ మీద ఒక చూపు వేసి ముందుకు సాగుతారు. ఆ చీటీ నాలుగైదు పంక్తులకు మించదు. హుక్కా బుడ్డి, బీదరు, 17వ శతాబ్దం, జింకు మిశ్రలోహం మీద వెండి పొదుగు, ఎత్తు ఇన్ని సెంటీమీటర్లు. అంతటితో సరి. మన పత్రికల్లో కథకు, కవితకు, నవలకు, ఆఖరికి ముందుమాటలకు కూడా విమర్శ ఉంది. ఈ చీటీకీ, దాని వెనక ఉండే లావుపాటి కేటలాగుకూ విమర్శ ఉండాలని నా అభిప్రాయం. బీదరులో కాపురముంటున్న తెలుగువాడిగా ఇందులో నాకు కొంత స్వార్థం లేకపోలేదు. మా ఊరి పేరు దేశదేశాలు తిరిగింది ఆ చీటీల మీదనే.

నేను కామర్సు చదువుకున్నవాణ్ణి, బ్యాంకు ఉద్యోగిని. పద్దు రాయడం, ఎదుటివారు రాసిన పద్దును తనిఖీ చేయడం నా వృత్తి. కేటలాగును కూడా ఆ కంటితోనే చదువుతాను. అది కళాహృదయులకు కొంచెం మోటుగా తోచవచ్చు. కాని మ్యూజియం పరిశోధకుల పని దగ్గరగా చూస్తే అదీ ఒక తనిఖీ పనే అని పాఠకులు ఒప్పుకుంటారు.

ఏ వస్తువును ఎక్కడ, ఏ వరసలో చూపాలో క్యూరేటరు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయానికి ఆధారం సమకూర్చే వ్యక్తిని క్యూరేటోరియల్ రీసెర్చర్ అంటారు. చిన్న మ్యూజియముల్లో ఇద్దరూ ఒకరే. ఈ పరిశోధకుల ముందు ఒక వస్తువు పెడితే వాళ్ళు నాలుగు గళ్ళు నింపాలి: దేనితో చేశారు, ఎప్పుడు చేశారు, ఎక్కడ చేశారు, ఎవరెవరి చేతులు మారి ఇక్కడికి వచ్చింది. ప్రతి గడికీ రుజువు కావాలి. రుజువు లేనిచోట 'బహుశా' అని రాయాలి.

కాలం గడి సంగతి చూద్దాం. బిద్రీ పని బహమనీ సుల్తానుల నాడే ఇరాన్ నుంచి వచ్చిన ఒక ఉస్తాదుతో మొదలైందని మా ఊళ్ళో చెప్పుకుంటారు. అందువల్ల పాత హుక్కా బుడ్డి ఏది కనిపించినా 'బహమనీల నాటిది' అనేస్తాం. మహమూద్ గవాన్ మదరసా కట్టింది 1472లో. కొలంబసు అమెరికా తీరం చేరింది 1492లో. పొగాకు ఆ ఖండపు మొక్క. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో అది దక్కను చేరింది ఆ తరువాతనే. బీజాపూరు నుంచి అసద్ బేగ్ అనే ఉద్యోగి పొగాకును అక్బరు దర్బారుకు పట్టుకుపోయి వింతగా చూపించింది 17వ శతాబ్దం తొలి ఏళ్ళలో. పొగాకే లేని రోజుల్లో హుక్కా ఎక్కడిది? కొత్త నోటు అచ్చుకాకముందే ఆ నోట్లు ముట్టినట్టు తేదీ వేసిన రసీదు లాంటిది ఈ మాట. ఏ తనిఖీదారూ దాన్ని ఒప్పుకోడు. పైగా ఆనాటి చిత్రపటాలు పక్కన పెట్టుకుని చూస్తే బంతిలా గుండ్రంగా ఉన్న బుడ్డి ముందుదనీ, గంట ఆకారంలో అడుగు విచ్చుకున్నది 18వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చిందనీ తెలుస్తుంది. పరిశోధకులు బొమ్మలోని హుక్కాను, బీరువాలోని హుక్కాను జతచేసి కాలం కడతారు. మా ఊరి కథ వాళ్ళు కొట్టిపారేయలేదు. పని అంతకుముందే మొదలై ఉండవచ్చు. కాని 15వ శతాబ్దానిదని రుజువైన వస్తువు చేతిలో లేదు. ఈ రెండు మాటలకూ మధ్య తేడా పాటించడమే వాళ్ళ నిజాయితీ.

ఇక స్థలం గడి. బిద్రీ అని పేరున్న ప్రతిదీ బీదరులో పుట్టలేదు. ఆ పని బీహారులోని పూర్ణియాలో, లక్నోలో, ముర్షిదాబాదులో కూడా సాగింది. పేరు మనది, చేయి మరొకరిది. మా ఊరివాళ్ళకు ఇది చేదుగానే ఉంటుంది. కాని పరాయి సొమ్మును మన ఖాతాలో జమ వేసుకుంటే మనకు ఒరిగేదేమీ లేదు. అనుమానమున్న వస్తువు పక్కన పరిశోధకుడు రాసే 'బహుశా' వల్ల, అనుమానం లేని వస్తువు పక్కన ఉన్న 'బీదరు' అనే మాటకు విలువ పెరుగుతుంది.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పరిశోధకురాలు సుసాన్ స్ట్రాంజ్ అక్కడి బిద్రీ సంచయం మీద 1985లో ఒక పుస్తకం వెలువరించారు. ఆ సంచయంలో కొన్ని వస్తువులు 1851 నాటి లండన్ మహాప్రదర్శన నుంచి చేరినవి. అవి మ్యూజియానికి ఎలా చేరాయో పుస్తకాల్లో పద్దు ఉంది. 1987లో సుసాన్ లా నీస్, గ్రాహం మార్టిన్ అనే ఇద్దరు బిద్రీ లోహాన్ని ప్రయోగశాలలో పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ పాలు జింకు, కొద్దిపాటి రాగి. ఆ కొద్ది రాగి ఉండబట్టే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. ఢిల్లీ నేషనల్ మ్యూజియం సంచయం మీద కృష్ణలాల్ రాసిన పుస్తకం 1990లో వచ్చింది. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు తమ సేకరణనంతా 1976లో ట్రస్టు చేసి మ్యూజియంగా నిలిపారు. ఆ సేకరణలోని బిద్రీ మీద మిత్తల్ గారి పుస్తకం 2011లో అచ్చయింది. ఆయన శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చిత్రకళ నేర్చుకుని 1951లో హైదరాబాదు వచ్చి స్థిరపడ్డవారు. కుంచె పట్టిన చేయి గనక తీగె ఎక్కడ తడబడిందో, రేకు ఎక్కడ నిబ్బరంగా కూర్చుందో ఆ కన్ను పట్టుకుంటుంది. 2015లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో నవీనా నజత్ హైదర్, మారికా సర్దార్ దక్కను సుల్తానుల కళ మీద పెద్ద ప్రదర్శన జరిపారు. అందులోనూ బిద్రీకి చోటు దక్కింది.

ఇంతమంది ఇంత శ్రమపడ్డారు. వారి పట్ల నాకున్నది గౌరవమే. ఇప్పుడు నా అభ్యంతరం చెబుతాను. నాలుగు గళ్ళూ నింపిన ఈ పుస్తకాల్లో అయిదో గడి ఒకటుంది. చేసినవాడు ఎవరు? అక్కడ దాదాపు ప్రతిచోటా ఖాళీ, లేదా 'కర్త తెలియదు' అనే మాట.

పరిశోధకుల తరఫున చెప్పవలసింది చెప్పాలి. బిద్రీ వస్తువు మీద సంతకం అరుదు. సంతకం లేని చోట పేరు ఊహించి రాస్తే అది దొంగ పద్దు. పైగా ఒక వస్తువుకు ఒక కర్త అనే లెక్క ఇక్కడ చెల్లదు. మట్టి అచ్చులో పోత పోసేది ఒకరు. ఆకురాయితో సాపుచేసి, మైలుతుత్తం రాసి నలుపెక్కించి, ఉలితో పువ్వులూ తీగెలూ చెక్కేది మరొకరు. ఆ గాడిలో వెండి కూర్చి సుత్తితో దిగ్గొట్టేది ఇంకొకరు. చివరికి కోటలోని పాత మట్టిలో నవాసారం కలిపి, వేడిచేసిన వస్తువుకు పట్టించి నల్లబరుస్తారు. ఎండావానా తగలని ఆ మట్టిని నాలుక మీద వేసుకుని రుచి చూసి ఎంచేవాళ్ళున్నారు. ప్రయోగశాల చెప్పే లవణాల సంగతి ఆ నాలుకకు ముందే తెలుసు. ఇందరిలో ఎవరి పేరు రాయాలి?

ఈ వాదం సబబే. కాని ఇది పద్దు ముగించడానికి సరిపోదు. బ్యాంకులో ఒక మొత్తం వస్తుంది, ఎవరిదో తెలియదు. దాన్ని సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. అంటే వదిలేశామని అర్థం కాదు, వెతకాలని అర్థం. ఏళ్ళ తరబడి అక్కడే పడి ఉంటే తనిఖీకి వచ్చినవారు గట్టిగా అడుగుతారు. 'కర్త తెలియదు' అనే మాట కూడా సస్పెన్స్ ఖాతానే. కేటలాగులు దాన్ని ముగిసిన ఖాతాలా రాస్తున్నాయి. నా ఫిర్యాదు ఇంతే.

వెతికితే దొరుకుతుందా అంటే, ఈ ఊళ్ళోనే ఉదాహరణ ఉంది. బీదరు పక్కన అష్టూరులో అహ్మద్ షా బహమనీ సమాధి లోపల గోడలకూ గుమ్మటానికీ రంగుల చిత్రణ ఉంది. చేసినవాడు కజ్వీను నుంచి వచ్చిన షుక్రుల్లా అని అక్కడే పేరు దొరికింది. 15వ శతాబ్దపు మనిషి పేరు మనకు మిగిలింది. నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖను నడిపిన గులాం యజ్దానీ బీదరు చరిత్ర, కట్టడాల మీద 1947లో గొప్ప గ్రంథం తెచ్చారు. గోడగోడకూ తిరిగి శాసనాలు చదివినవారాయన. రాతి విషయంలో జరిగిన వెతుకులాట లోహం విషయంలోనూ జరగాలి. లోహం మీద అక్షరాలు లేవు కనక మరోచోట వెతకాలి.

ఎక్కడ? ఇక్కడే నా వృత్తి కొంచెం పనికొస్తుంది. చేతిపనివాళ్ళకు బ్యాంకులిచ్చే అప్పు కాగితాలు చూడండి. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, జామీను ఎవరు, వెండికి ఎంత, కూలికి ఎంత, అన్నీ ఉంటాయి, వేలిముద్రతో సహా. ఆ మనిషి చేసే వస్తువు మాత్రం 'బిద్రీ సామాను' అనే రెండు మాటల్లో ముగుస్తుంది. కూజా మెడ ఎలా వంగిందో, తీగె పొదిగిన తార్కషీ పనో, రేకు పొదిగిన తహ్‌నిషాన్ పనో మా కాగితాలకు పట్టదు. మ్యూజియం పుస్తకంలో ఆ వంపుకు కొలత ఉంటుంది, చేసిన చేతికి పేరుండదు. మా పుస్తకంలో మనిషి ఉన్నాడు, పని లేదు. వాళ్ళ పుస్తకంలో పని ఉంది, మనిషి లేడు. రెండూ ఒకే లావాదేవీకి రెండు వైపులు. ఎదురెదురుగా పెట్టి సరిచూస్తే తప్ప నిల్వ తేలదు.

బ్యాంకులు రాకముందు ఈ లెక్కలు షావుకార్ల దగ్గర ఉండేవి. చేతిపనివాడికి వెండి తూచి ఇచ్చినవాడు, కూలి బయానా ఇచ్చినవాడు చిట్టాలో రాసుకోకుండా ఉండడు. ఆ చిట్టా ఏ భాషలో ఉంటుంది? ఉర్దూలో ఉండవచ్చు, మోడీ లిపి మరాఠీలో, కన్నడంలో, తెలుగులో ఉండవచ్చు. నిజాం రాజ్యంలోని బీదరు జిల్లా 1956లో మూడు రాష్ట్రాలకు పంపకమైంది. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతాలు మెదకు జిల్లాలో కలిసి తెలుగు రాష్ట్రానికి పోయాయి. ఉద్గీరు, నిలంగా, అహ్మద్‌పూరు మరాఠీ వైపు పోయాయి. మిగిలింది ఇప్పటి బీదరు. జిల్లాతోబాటు కుటుంబాలూ, వాళ్ళ కాగితాలూ చెదిరాయి. ఇంగ్లీషు, పారశీకం వచ్చిన పరిశోధకుడికి దర్బారు కనబడుతుంది. బజారు కనబడాలంటే ఈ నాలుగు భాషలూ కావాలి. కేటలాగులో కర్త గడి ఖాళీగా ఉండడానికి సంతకం లేకపోవడం ఒక కారణమైతే, బజారు లెక్కలు చదివే మనిషిని ఆ పనికి పెట్టుకోకపోవడం రెండో కారణం.

ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందిమి అటూ ఇటూ కాని భాషవాళ్ళం. ఇక్కడి లెక్కలో 'ఇతర భాషలు' అనే గడిలో ఉంటాం, అక్కడివాళ్ళ లెక్కలో పొరుగువాళ్ళం. పేరులేని గడిలో ఉండడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఈ సంగతి మనం పట్టించుకోవాలంటాను.

కొంత మారింది, ఒప్పుకోవాలి. 2006లో బిద్రీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఊరి పేరుకు చట్టం కాపలా ఉంది. 2023లో మా ఊరి బిద్రీ ఉస్తాదు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. ఊరి పేరుతోబాటు మనిషి పేరు పత్రికల కెక్కింది. వందేళ్ళ తరవాత ఏ మ్యూజియములోనైనా ఆయన చేసిన వస్తువు పక్కన చీటీ రాసేవాళ్ళకు అయిదో గడి ఖాళీగా ఉంచే అవసరం రాదు. ఆయన పక్కన కూర్చుని పోత పోసినవాళ్ళ సంగతి, చౌబారా చుట్టుపక్కల దుకాణాలకు సరుకిచ్చేవాళ్ళ సంగతి మాత్రం ఇప్పటికీ చిట్టాకెక్కవలసే ఉంది.

అది రాయడానికి మ్యూజియం ఉద్యోగం అక్కరలేదు. మన ఇళ్ళలో పెళ్ళిళ్ళకు వచ్చిన బిద్రీ పాన్‌దాన్లు, పూలకూజాలు, ట్రేలు ఉన్నాయి. ఏ దుకాణంలో కొన్నారు, ఏ ఏడాది, ఎంతకు, తెలిస్తే చేసిన ఉస్తాదు ఎవరు, ఒక కాగితం మీద తెలుగులో రాసి ఆ వస్తువుతోబాటు పెట్టండి. తాతల నాటి చిట్టా ఆవర్జాలు అటక మీద ఉంటే పాత కాగితాలవాడికి తూకానికి వేసేముందు ఒకసారి తిరగేయండి. వెండి తూకం, కూలి, ఒక పేరు ఒకే పంక్తిలో కనబడితే ఆ పుట చించకండి. లండన్‌లోనో హైదరాబాదులోనో ఒక పరిశోధకుడి సస్పెన్స్ ఖాతాలో ఆ పేరు కోసం ఒక పద్దు ఎదురుచూస్తూ ఉండవచ్చు.