తెలుగు విమర్శలో కృతినామ లేఖనం: చిహ్నం, విభక్తి, అర్థం

విమర్శ వ్యాసంలో కృతి పేరును ఎలా రాయాలన్నది కేవలం ముద్రణకు సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. అయితే కొన్ని వాక్యాల అర్థమే దానిపై ఆధారపడి ఉంటుంది. కన్యాశుల్కాన్ని ఖండించినవారు అన్నప్పుడు, వారు దురాచారాన్ని ఎదిరించిన సంస్కర్తలా, గురజాడ నాటకంలో లోపాలు ఎంచిన విమర్శకులా అన్నది తేలదు. సాహిత్య చరిత్రలో ఈ రెండు వర్గాలు వేరు. చిహ్నం లేని వాక్యం ఆ భేదాన్ని చెరిపివేస్తుంది.

ఆంగ్ల రచనలో పెద్ద అక్షరాలు, వాలు అక్షరాలు కృతినామాన్ని గుర్తుపట్టడానికి తోడ్పడతాయి. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదం లేదు. వాలు అక్షరాలు కంప్యూటర్ ముద్రణలో సాధ్యమే కాని లిపి సంప్రదాయంలోనివి కావు. అందువల్ల ఒంటి ఉద్ధరణ చిహ్నమే తెలుగులో ప్రధాన సాధనమయింది.

ఈ సాధనానికి విభక్తి వద్ద చిక్కు ఎదురవుతుంది. కొన్ని విభక్తి ప్రత్యయాలు చేరినప్పుడు 'అం'తో ముగిసే పేరు రూపం మారుతుంది. 'కన్యాశుల్కాన్ని' అని రాస్తే చిహ్నాల నడుమ ఉన్నది కృతి పేరు కాదు. 'కన్యాశుల్కా'న్ని అని రాస్తే పేరు విరిగిపోతుంది. 'కన్యాశుల్కం' నాటకాన్ని అన్నప్పుడు విభక్తి భారాన్ని ప్రక్రియానామం మోస్తుంది, పేరు చెక్కుచెదరదు.

సంపుటి పేరూ అందులోని ఒక ఖండిక పేరూ ఒకటే అయినప్పుడు ఈ పద్ధతి మరింత అవసరం. శ్రీశ్రీ "మహాప్రస్థానం" గేయం 1934 నాటిది; 'మహాప్రస్థానం' సంపుటి 1950లో వెలువడింది. సంపుటికి ఒంటి చిహ్నం, ఖండికకు జంట చిహ్నం వాడి ప్రక్రియానామం చేర్చితే, కాలనిర్ణయంలో పొరపాటుకు తావుండదు. చిత్రకళా విమర్శకూ ఇదే వర్తిస్తుంది. శకుంతల చూపు అన్నది పాత్రను గురించిన మాట. రవివర్మ 'శకుంతల' చిత్రంలోని చూపు అన్నది చిత్రకారుని కల్పనను గురించిన మాట.

ప్రతిసారీ ప్రక్రియను పేర్కొనడం వాక్యాన్ని బరువెక్కిస్తుందన్న ఆక్షేపణ ఉండవచ్చు. ప్రత్యయం పేరు రూపాన్ని మార్చని చోట, సందర్భం స్పష్టంగా ఉన్న చోట దానిని విడిచిపెట్టవచ్చు. చలం రచన 'మైదానం' నవలా, నవలికా అన్నట్టి సంశయం ఉన్నచోట 'కృతి' అన్న తటస్థ పదం చాలు. అయితే ఆ సంశయం తలెత్తడమే ఈ పద్ధతి వల్ల కలిగే ప్రయోజనం. ఏ ప్రక్రియను గురించి రాస్తున్నాడో విమర్శకుడు ముందుగా నిర్ణయించుకోవలసి వస్తుంది. కృతినామ లేఖనం ఆ నిర్ణయానికి తొలి రూపం.