వంటగట్టు పరిచే చేయి

ఒంగోలు దగ్గరి చీమకుర్తి నేలలో దొరికే బ్లాక్ గెలాక్సీ రాయి దేశదేశాలకూ వెళ్లింది. నల్లటి ఒంటిలో ఆ బంగారు మెరుపులు బ్రాంజైట్ అనే ఖనిజానివి. అయితే ఎంత గొప్ప పలకనైనా వంటగట్టుగా మార్చేది గ్రానైట్ మేస్త్రే. మూలమట్టానికి రాని గోడకు సరిపడా కొలత తీయాలి. సింకు కోసం పలక చీలకుండా కోయాలి. అంచును చేతికి గీసుకోకుండా గుండ్రంగా అరగదీయాలి. వెతికినా అతుకు కనపడని పని చూస్తే ఆ చేతులకు మొక్కాలనిపిస్తుంది.

ఇప్పుడు ఇంజినీర్డ్ క్వార్ట్జ్ వచ్చింది. అందులో నూటికి తొంభై వంతుల దాకా క్వార్ట్జ్ పలుకులూ పొడీ, మిగతాది రెసిన్. మన అచ్యుతాపురంలోనూ తయారవుతోంది. గుంటూరు కారం, నూనె అందులోకి తొందరగా ఇంకవు. పొయ్యి మీంచి దించిన గిన్నె వేడికి మాత్రం రెసిన్ తట్టుకోలేదు. పెద్ద గిన్నెలతో వండే మన ఇళ్లకు నల్లరాయే మేలని నా మాట.

అసలు భయం దుమ్ము. క్వార్ట్జ్ పలకను నీళ్లు లేకుండా కోస్తే లేచే సిలికా ఊపిరితిత్తులను తినేస్తుంది. అందుకే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఇంజినీర్డ్ క్వార్ట్జ్ పలకలను నిషేధించింది. మీ ఇంట్లో ఏ రాయి కోయించినా నీళ్లు పోస్తూ కోయమనండి, మేస్త్రికి మంచి మాస్కు ఇప్పించండి.