పది మంది, ఒక గోదాం, కట్టె గ్యాసు మీద తిరిగిన ఇంజను

పెట్రోలు దొరకనప్పుడు ఇంజను ఎట్లా తిప్పాలో మన తాతల తరానికి తెలుసు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బస్సు వెనక ఇనుప పొయ్యి బిగించి బొగ్గు మీద నడిపారు. తెల్లవారుజామునే క్లీనరు చక్రం తిప్పి గాలి కొట్టాలి. పొయ్యి రాజుకుని గ్యాసు పుట్టాకే బస్సు కదిలేది. ఎత్తు వస్తే జనం దిగి నడిచేవారట. బొగ్గు బస్సుల కథలు మనవైపు ముసలివాళ్ల నోట ఈమధ్య దాకా వినిపించేవి. అలాంటి పొయ్యినే, బొగ్గుకు బదులు కట్టెతో, 2009లో అమెరికా డిస్కవరీ ఛానెల్ ‘ది కాలనీ’ అనే కార్యక్రమంలో మళ్లీ కట్టించింది. నగరం కూలిపోయాక మనుషులు ఎట్లా బతుకుతారో చూపిస్తామని బయల్దేరిన టీవీ షోలు చాలా ఉన్నాయి. వాటిలో పని తెలిసినవాళ్లు కూర్చుని చూడదగ్గది నా లెక్కలో ఇదొక్కటే.

సంగతి ఇది. లాస్ ఏంజిలిస్ నది పక్కన ఒక పాత గోదాం. ఏదో మహమ్మారి లోకాన్ని ఊడ్చేసిందని, కరెంటు, నల్లా, పోలీసు, దుకాణం ఏవీ లేవని అనుకోవాలి. వేర్వేరు వృత్తుల నుంచి వచ్చిన పది మంది అక్కడ వారాల తరబడి బతకాలి. వాళ్లలో జాన్ కోన్ అనే ఐబీఎం ఇంజనీరు ఉన్నాడు. తుక్కు కుప్ప కనిపిస్తే పండగొచ్చినట్టు మొహం వెలిగిపోయే మనిషి. చేతిపని వచ్చినవాళ్లు మరికొందరు ఉన్నారు. ఆట కాదు కాబట్టి ఓటింగు లేదు, ఎలిమినేషన్ లేదు, చివర్లో చెక్కు లేదు. ఈ ‘లేదు’లన్నీ కలిసే షోను కాపాడాయి. పక్కవాడిని ఓడించే పని లేనప్పుడు కెమెరాకు చూపించడానికి పనిముట్లే మిగులుతాయి.

కట్టె గ్యాసు పొయ్యి సంగతే తీసుకోండి. చూడటానికి రెండు డ్రమ్ములు, నాలుగు గొట్టాలు. లోపల జరిగేది మాత్రం సున్నితమైన వ్యవహారం. కట్టె పూర్తిగా మండిపోకూడదు, ఆరిపోనూ కూడదు. గాలి చాలీచాలకుండా అందిస్తే కట్టె మగ్గి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ వదులుతుంది. ఇంజనుకు ముఖ్యమైన తిండి ఆ రెండే. వచ్చే గ్యాసులో సగం దాకా ఉత్త నైట్రోజనే ఉంటుంది కనుక పెట్రోలు మీద ఉన్న బలంలో మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. దాంతోపాటు తారు వస్తుంది. పొయ్యిలో వేడి తగ్గినా, కట్టెలో తడి ఉన్నా ఆ తారు గొట్టాల్లో పేరుకుని వాల్వులను అంటించేస్తుంది. అందుకే గ్యాసును చల్లార్చాలి, వడగట్టాలి, ఆ తర్వాతే ఇంజనులోకి వదలాలి. ఎక్కడ అతుకు వదులైనా బయటికొచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. తలుపులేసిన షెడ్డులో మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది.

వేరే షో అయితే దీన్ని అర నిమిషంలో తేల్చేసి, మంట లేచే దృశ్యం మీద సంగీతం పోసేది. ‘ది కాలనీ’ ఆగుతుంది. వెతికిన వస్తువు సరిపోకపోవడం, మరొకటి కోసి అతికించడం, దాని మీద ఇద్దరికి మాట తేడా రావడం ఇవన్నీ ఉంచుతుంది. నడుమ వ్యాఖ్యాత వచ్చి లోపలి సూత్రం చెప్పి తప్పుకుంటాడు. పనివాడి మొహాన్ని, పని జరిగే చోటును ఒకే ఫ్రేములో ఉంచాలన్న పట్టుదల ఆ కెమెరాలో కనిపిస్తుంది. వెల్డింగ్ షాపు ముందు పని లేకున్నా నిలబడి చూసే అలవాటున్న ఎవరికైనా ఆ పట్టుదల విలువ తెలుస్తుంది.

నీళ్ల దగ్గర కూడా ఇదే శ్రద్ధ. నది నీళ్లు తెచ్చి, ఇసుక, బొగ్గు పొరల గుండా వడగట్టి, ఆ తర్వాత మరగబెడతారు. వరస ముఖ్యం. ఇసుక మడ్డిని పడుతుంది. బొగ్గు వాసనను, కొన్ని రసాయనాలను పీలుస్తుంది. క్రిములను చంపేది మాత్రం మరగడమే. వడగట్టిన నీళ్లు తేటగా ఉన్నాయని తాగేస్తే వాంతులు, విరేచనాలు తప్పవు. మనవాళ్లు పటిక తిప్పి, చిల్లగింజ అరగదీసి చేసిందీ మొదటి మెట్టే, తేర్చడం. షో ఇక్కడ ఒక్క మాట ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది. నగరం నీళ్లలో బురద కంటే డీజిలు, బ్యాటరీ ఆసిడ్, డ్రైనేజీ ఎక్కువ. ఎంత మరిగించినా డీజిలు పోదు. నాలుగు పొరల బొగ్గు డబ్బా దాన్ని ఎంతకాలం ఆపగలదో ఎవరూ హామీ ఇవ్వలేరు. వరదొచ్చిన నగరంలో తెలివైన పని నది నీళ్లను శుద్ధి చేయడం కాదు, మేడ మీద సింటెక్స్ ట్యాంకులో మిగిలినదాన్ని పొదుపుగా వాడటం, వాన పడుతుంటే పట్టుకోవడం.

ఈ షో మీద ఎక్కువగా వినిపించే అభ్యంతరం ఒకటుంది. ఆ గోదాంలో అన్నీ అమర్చినట్టు దొరుకుతాయని. బ్యాటరీలు, తీగలు, మోటార్లు, ఇనుప రాడ్లు, పనిముట్లు. నిర్మాతలు కొంత సర్ది ఉంచారన్నది నిజమే. కానీ ఈ అభ్యంతరం అపార్ట్‌మెంటులో కూర్చున్నవాళ్లది. మా పెగడపల్లి నుంచి చూస్తే గోదాం అంత వింతగా కనిపించదు. జగిత్యాలలోనో కోరుట్లలోనో బోరు మోటార్లు వైండింగ్ చేసే రేకుల షెడ్డులోకి తొంగిచూడండి. కాలిపోయిన మోటార్ల రాగి తీగ, పాత స్టార్టర్లు, ట్రాక్టరు బ్యాటరీలు, గ్రైండరు, వెల్డింగ్ మిషను, డ్రమ్ములు, కోసిన గొట్టాలు ఒక్క కప్పు కింద ఉంటాయి. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) బాగుచేసే మేస్త్రీ దుకాణం దగ్గర మరిన్ని దొరుకుతాయి. ఈ ఊళ్లలో కరెంటు పోతే, విడిభాగం దొరక్కపోతే ఉన్నదాన్నే మలిచి నడిపించే విద్య ఎవరూ పేరు పెట్టకుండానే బతికుంది. కాబట్టి షోలో నాకు అబద్ధమనిపించింది సామాను కాదు. ఆ సామాను వాడటం వచ్చిన మనుషులు అంతమంది ఒకే గోదాంలోకి వచ్చి చేరడం. అది ఎంపిక చేసినవాళ్ల చలవ.

ఇదే కాలంలో బేర్ గ్రిల్స్ ‘మ్యాన్ వర్సెస్ వైల్డ్’లో నగర విపత్తు మీద ఒక భాగం తీశాడు. పోలండులోని గ్దాన్‌స్క్‌లో పాడుబడిన షిప్‌యార్డు. తాడు కట్టి దిగడం, కిటికీ నుంచి దూకడం, ఇనుప దూలం మీద నడవడం. సాహసం చూడముచ్చటే. అయితే ఒంటరి మనిషి మూడంతస్తుల నుంచి వేలాడటం విపత్తులో ఎవరికీ అక్కర్లేని విద్య. కాలు విరిగితే ఆస్పత్రి లేదన్నది మొదటి పాఠం కావాలి. ‘ది కాలనీ’లో ఆ భయం అడుగడుగునా ఉంటుంది, చిన్న గాయానికి కూడా అందరూ గుమిగూడతారు.

ఇక మనుషుల మాట. పరిచయం లేని పది మంది ఒక గదిలో పడుకుని, ఒక పొయ్యి మీద వండుకుని, నీళ్లు వంతులేసుకుంటే ఏమవుతుందన్నది అమెరికా ప్రేక్షకుడికి ప్రయోగం. మా మండలంలో ఇల్లిల్లూ అడగండి, అది గల్ఫ్ క్యాంపు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి దుబాయి, కువైట్, మస్కట్ పోయినవాళ్లు ఒకదాని మీద ఒకటి మంచాలున్న రూముల్లో, వంట వంతులతో, గురక గొడవలతో, ఉల్లిగడ్డల లెక్కలతో ఏళ్లకేళ్లు గడిపారు. అందుకే షోలో అన్నిటికంటే నిజంగా అనిపించేది పెద్ద కొట్లాటలు కాదు. ఎవరు ఎక్కువ నీళ్లు వాడారు, ఎవరు పని ఎగ్గొట్టి పడుకున్నారు, తిండి పెట్టె దగ్గర ఎవరు కనిపించారు అన్న చూపులు. మాట బయటపడక ముందే కళ్లు చెప్పేస్తాయి. ఎడిటరు ఆ చూపుల మీద ఒక క్షణం ఎక్కువ నిలబడతాడు, అది మంచి చెయ్యి. క్యాంపులో బతికొచ్చినవాడికి వాటి మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

పైగా ఆ క్యాంపుల నగరానికి విపత్తు రావడం మనవాళ్లు చూశారు. 2024 ఏప్రిల్ 16న దుబాయి మీద కుండపోత కురిసింది. విమానాశ్రయం దగ్గర ఒక్క రోజులో దాదాపు 142 మిల్లీమీటర్లు, అంటే ఏడాదిలో పడేదానికంటే ఎక్కువ. 1949లో లెక్కలు రాయడం మొదలయ్యాక ఆ దేశం ఎరగని వాన. రన్‌వే చెరువైంది, కార్లు రోడ్ల మీద తేలాయి. అక్కడ మురుగు కాలువలు అంత వానకోసం కట్టినవే కావు. లోకంలోకెల్లా ఎత్తయిన భవనం ఉన్న ఊరికి నీళ్లు తోడిపోసే ట్యాంకర్లు దిక్కయ్యాయి.

అసలు విపత్తులు ఇట్లా ఉంటే, ‘ది కాలనీ’ నిజం తప్పేది గోదాం తలుపు బయట. కొన్ని రోజులకొకసారి దోపిడీ ముఠా వస్తుంది. కర్రలు, అరుపులు, గొలుసులు. వాళ్లు నిర్మాతలు పంపిన నటులు. ఆ మరుసటి రోజు నుంచి పదిమంది ఇంజను పక్కన పెట్టి కంచెలు, ఉచ్చులు కడతారు. కట్టిన తీరు ముచ్చటగానే ఉంటుంది, కానీ అవసరం కల్పించింది. విపత్తుల్లో మనుషుల నడవడిక మీద జీవితకాలం పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త ఎన్రికో క్వారంటెల్లి, 1963లో ఒహాయోలో మొదలైన విపత్తు పరిశోధన కేంద్రం ద్వారా దశాబ్దాలపాటు చూపింది ఇదే: జనం బెదిరి ఒకరినొకరు తొక్కుకోవడం, దోచుకోవడం మనం అనుకునేదానికంటే చాలా అరుదు. మొదట చేయి అందించేది పక్కింటివాళ్లే. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ ఉప్పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఒకే చింతచెట్టెక్కి బతికిన దాదాపు 150 మందిలో ఎవరికెవరు చుట్టాలు?

మన వరదల్లో చెడ్డవాళ్లు లేరని కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రైవేటు పడవలవాళ్లు మనిషికి ఇంత అని అడిగారన్న ఫిర్యాదులు వచ్చాయి. నగర విపత్తులో నిజమైన విలన్ గొడ్డలితో రాడు, ధరతో వస్తాడు. అదే ఊళ్లో పై అంతస్తులవాళ్లు కిందివాళ్లను ఎక్కించుకున్నారు, డ్రోన్లతో అన్నం ప్యాకెట్లు మేడల మీదికి దించారు. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు మధ్య ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మంది దగ్గరికి ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి బండి తీసుకుపోయాడు. టీవీ రచయితకు ఇంతకంటే ఏం కావాలి? ఆ జేసీబీ నీళ్లలో ఎంత లోతు దాకా నిలబడుతుంది, ఇంజనులోకి నీళ్లు ఎక్కడి నుంచి ఎక్కుతాయి అన్నది ఒక భాగానికి సరిపడా విషయం. సిరిసిల్ల వీధులు 2021 సెప్టెంబరులో కాలువలైనప్పుడూ, 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు తట్టుకోగలిగినదానికంటే ఎక్కువ వరదొచ్చి, 18 గేట్లలో ఒకటి లేవక ఊళ్లు ఖాళీ చేయించినప్పుడూ జనం భయపడింది నీళ్లకు, పక్కవాడికి కాదు.

2010లో వచ్చిన రెండో సీజన్ ఈ విషయంలో ఇంకా ఇరకాటంలో పడుతుంది. దాన్ని తీసింది న్యూ ఆర్లీన్స్ పక్కన షాల్‌మెట్‌లో. 2005 కత్రినా తుపాను తర్వాత జనం తిరిగి రాని ఇళ్ల మధ్య. ఆ వాడలో అసలు జరిగిందేమిటంటే, వరదకు ఒక రిఫైనరీ చమురు ట్యాంకు కదిలి పది లక్షల గ్యాలన్లకు పైగా ముడిచమురు ఇళ్ల మీదికి పారింది. నీళ్లు తీశాక గోడల మీద నల్లటి గీత మిగిలింది. న్యూ ఆర్లీన్స్‌లో దోపిడీలు, హత్యలు అంటూ అప్పట్లో గుప్పుమన్న పుకార్లలో చాలావరకు అతిశయోక్తులని తర్వాత తేలింది. అక్కడి డాన్‌జిగర్ వంతెన మీద ఆయుధాల్లేని మనుషులను కాల్చింది మాత్రం పోలీసులు. ఇంత కథ నేలలోనే ఉండగా కెమెరా పైనుంచి కల్పిత మహమ్మారిని దించింది. పాడుబడిన ఇంటిని వెతికే దృశ్యాల్లో మాత్రం ఆ నేల తనంతట తాను మాట్లాడుతుంది. బూజు పట్టిన గోడ, ఉబ్బిపోయిన తలుపు, తుప్పెక్కిన ఫ్రిజ్. ఏ కళాదర్శకుడూ అట్లా పాతగా చేయలేడు.

షో రెండు సీజన్లతో ఆగిపోయింది. మూడోది ఉండుంటే నేను కోరుకునే భాగం ఒకటుంది: నీళ్లు తీసేసిన మర్నాడు. ముఠాలు, ఉచ్చులు అక్కర్లేదు. విజయవాడలో బుడమేరు వరద తగ్గాక ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడిగాయి. మునిగిన నేల అంతస్తు ఇంటికి 25,000 రూపాయల సాయం ప్రకటించారు. మెకానిక్‌ల దగ్గర బైకులు బారులు తీరాయి. నీళ్లు తాగిన ఇంజనును తొందరపడి స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ముందు ప్లగ్గు విప్పి, నీళ్లు బయటికి కొట్టించి, ఆయిలు మార్చి, కార్బురేటరు ఉంటే ఆరబెట్టాలి. మోటారు అయితే విప్పి ఎండలో పెట్టి, ఇన్సులేషన్ పరీక్షించాకే కరెంటు ఇవ్వాలి. జాన్ కోన్ లాంటి మనిషిని అక్కడ కూర్చోబెట్టి, పక్కన మన వైండింగ్ మేస్త్రీని నిలబెట్టి, కెమెరాను కదలనివ్వకుండా తీయాల్సిన భాగం అది.