దీపాలు కాసిన తోట

లండన్‌లో డిసెంబరు పొద్దు నాలుగింటికే వాలిపోతుంది. దీపమా, నీకు ఇంతకన్న అనువైన ఊరేది? క్యూ వృక్షోద్యానంలో వెలిగించే దీపాల బాట చూడ్డానికి, క్యూ గార్డెన్స్ స్టేషన్లో దిగి విక్టోరియా గేటు వైపు నడిచే గుంపులో, చంటిదాన్ని భుజానెత్తుకున్న ఒక తెలుగు నాన్న అంటున్నాడు: "అదిగో అమ్మలూ, చెట్టుకి దీపాలు కాశాయి చూడు!" కాశాయి! అంతకన్న మంచి మాట నాకు ఆ రాత్రంతా దొరకలేదు.

పగలు సూర్యుడు ఈ తోటనంతా ఒక్కసారే చూపిస్తాడు, అందుకే మనం ఏదీ చూడం. నువ్వు చెట్టు తరవాత చెట్టుగా చూపిస్తావు. మొదలు దగ్గర పుట్టి పైకి పాకుతావు. బెరడు నెర్రెల్లో నీడ నింపుతావు. ఆకు దులిపేసుకుని నిలబడ్డ కొమ్మ కొమ్మనీ తడిమి, వేసవంతా పచ్చదనం దాచిపెట్టిన వంపుల్ని బయటపెడతావు.

నువ్వు చూపించినా చూపించకపోయినా నేను తలచుకునే చెట్టు ఒకటుంది ఇక్కడ. టర్నర్స్ ఓక్ అంటారు, 1798లో నాటింది. 1987 అక్టోబరు తుపాను ఈ తోటలో 700 చెట్లను పడగొట్టింది. ఈ ఓక్‌ని వేళ్ళతో సహా పైకి లేపి, మళ్ళీ తన గుంతలోనే దించేసింది. ఇక బతకదనుకున్నారు. అది మునుపటికన్న ఏపుగా పెరిగింది. ఏళ్ళ తరబడి జనం తొక్కి తొక్కి గట్టిపడ్డ మట్టి ఆ కుదుపుకు గుల్లబారి, వేళ్ళకు గాలి ఆడిందట. దీపాల బాట ఏటా మారుతుంది గనక ఈ ఓక్ వంతు వస్తుందో రాదో. రాకపోతే ఆ వైపు చీకటికే ఒక దణ్ణం పెట్టి ముందుకు పోతాను.

పామ్ హౌస్ ముందు కొలను. 1848లో పూర్తయిన ఆ ఇనుమూ గాజూ కలిసిన మేడ మీద లేజర్లు ఆడతాయి, పాట హోరెత్తుతుంది. నాకిది కాస్త ఎక్కువే, ఊరేగింపులో బ్యాండు మేళం పక్కన నడిచినట్టుంటుంది. కానీ నీళ్ళలో నీ నీడ మాత్రం చప్పుడు చెయ్యదు. లోపల, 1775లో దక్షిణాఫ్రికా నుంచి ఓడెక్కి వచ్చిన సైకాడ్ మొక్క ఒకటి ఇంకా కుండీలోనే ఉంది. బయట మేం చలికి ముడుచుకుంటుంటే అది తన ఉక్కపోతలో హాయిగా ఉంటుంది.

దీపమా, నిన్ను నేను నిజంగా గుర్తుపట్టింది ఈ బాటలోని మంటల తోటలో. మిగతా బాటంతా నువ్వు ఎల్‌ఈడీవి, ముట్టుకుంటే చల్లన. ఇక్కడ నిప్పువి. గాలికి బెదురుతావు, పొగ చిమ్ముతావు, చేతులు చాస్తే వెచ్చబెడతావు. పోలి పాడ్యమినాడు తెల్లారగట్ల అరటి దొప్పలో గోదాట్లో వదిలితే, వణుకుతూ సాగిపోయింది నువ్వే కదూ!

ఇక ఒక్క విన్నపం. తోట అంచున, క్యూ గ్రీన్ పక్కనున్న గ్రంథాలయం వైపు మాత్రం రావద్దు. 1780లలో సామర్లకోటలో మొక్కలు పెంచి, మన దేశపు చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించి, తెలుగు పేర్లు అడిగి రాసుకున్న విలియం రాక్స్‌బర్గ్ గుర్తున్నాడా? 1795లో మొదలైన ఆయన కోరమాండల్ మొక్కల పుస్తకంలో, అడవికి నిప్పంటుకున్నట్టు పూసే మన మోదుగ కూడా ఉంది. ఆయన వేయించిన బొమ్మల ప్రతులు వేలల్లో ఇక్కడే క్యూలో ఉన్నాయి. నువ్వు సోకితే రంగు వెలిసిపోతుందని అలాంటి కాగితాల్ని చీకట్లోనే ఉంచుతారు.