చెరకు సీమలో పగడపు తొట్టి

తెలుగు తీరంలో పగడపు దిబ్బలు పెరగకపోవడానికి గల కారణాల్లో ఒకటి నిజామాబాద్ జిల్లా గుండానే ప్రవహిస్తోంది. రెంజల్ మండలం కందకుర్తి వద్ద మంజీరను, హరిద్రను కలుపుకొని సాగే గోదావరి ఏటా వానకాలంలో అపారమైన మంచినీటినీ ఒండ్రునూ బంగాళాఖాతానికి చేరవేస్తుంది. దక్షిణాన కృష్ణ చేసే పనీ అదే. పగడపు జీవి కణజాలంలో కాపురముండి దానికి ఆహారం సమకూర్చే సూక్ష్మ శైవలాలకు వెలుతురు కావాలి, పగడానికి నిలకడైన ఉప్పదనం కావాలి. బురద మొదటిదాన్ని, మంచినీరు రెండోదాన్ని చెడగొడతాయి. అందుకే మన దేశంలో చెప్పుకోదగ్గ దిబ్బలన్నీ మన్నార్, కచ్ సింధుశాఖల్లోనూ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల చుట్టూనూ ఉన్నాయి. అటువంటి దిబ్బను పోలిన లోకాన్ని సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, ఎండాకాలంలో 45 డిగ్రీలకు చేరువయ్యే నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో ఒక ఇంటి గదిలో నిలబెట్టాలనుకునేవారు చేపల సంగతి ఆలోచించే ముందు నీటిని తయారుచేయడం నేర్చుకోవలసి ఉంటుంది.

ఈ విద్యకు నూట డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల మందిరం తెరుచుకోగా, మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన ‘ది అక్వేరియం’ అనే పుస్తకం ఇళ్లలో సముద్రజీవులను పెంచే సరదాను ఇంగ్లండంతటా వ్యాపింపజేసింది. ఆ తరం తొట్లలో దిబ్బలు కట్టే పగడాలు బతకలేదు. 1960ల మొదట్లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రపు రాళ్లను వాటి మీది ప్రాణులతో సహా తొట్టిలో పేర్చి, గాలి బుడగలతో నీటిని కదిలిస్తే రాళ్లలోని సూక్ష్మజీవులే నీటిని శుభ్రపరుస్తాయని చూపాడు. ఆ తర్వాత జర్మన్ పెంపకందారులు దానికి బలమైన దీపాలను, నురుగు తీసే యంత్రాన్ని, సున్నపు నీటిని జోడించి ‘బెర్లిన్ పద్ధతి’గా స్థిరపరిచారు. నేటి ఇంటి తొట్లలో అధికభాగం ఈ రెండింటి సంతానమే.

పెద్ద తొట్టి అంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అనుకుంటే అందులో 680 లీటర్ల నీరు పడుతుంది. పన్నెండు మిల్లీమీటర్ల గాజు బరువు, రాళ్లు, ఇసుక, స్టాండు, కింది సంపు కలిపితే మొత్తం టన్ను దాటుతుంది. నివాస గృహాల నేలకు భారతీయ ప్రమాణాలు నిర్దేశించిన వినియోగ భారం చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు మాత్రమే కాగా, ఈ తొట్టి తాను నిలిచిన ప్రతి చదరపు మీటరు మీద దానికి నాలుగు రెట్లకు పైగా భారం మోపుతుంది. కాబట్టి గట్టి పునాది మీది కింది అంతస్తే దీనికి తగిన చోటు, మేడ మీద పెట్టదలిస్తే ఇంజనీరును సంప్రదించక తప్పదు. నీటి ఒత్తిడి తొట్టి పొడవును బట్టి కాక ఎత్తును బట్టి పెరుగుతుంది. రెండడుగుల నీరు ముందు గాజును మొత్తంగా 350 కిలోల బలంతో బయటికి నెడుతుంది. అంచుల వెంట అడ్డంగా అతికించే గాజు పట్టీలు, బూజు మందు కలపని సిలికాన్, అది పూర్తిగా ఆరేదాకా ఆగే ఓపిక, ఈ మూడింటిలో ఎక్కడా పొదుపు పనికిరాదు.

తొట్టి కింది అరలో ఉండే చిన్న తొట్టినే సంపు అంటారు. పైతొట్టి అంచు దాటి పొర్లిన నీరు గొట్టం ద్వారా సంపులోకి దిగి, అక్కడ శుద్ధి అయ్యాక మోటారు ద్వారా తిరిగి పైకి చేరుతుంది. కరెంటు పోయినప్పుడు మోటారు ఆగి, పైతొట్టిలో నీటిమట్టం మూడు సెంటీమీటర్లు తగ్గినా 33 లీటర్లు ఒక్కసారిగా కిందికి వస్తాయి. సంపులో ఆ ఖాళీ ముందే ఉంచకపోతే గది తడుస్తుంది. అంతకంటే పెద్ద ముప్పు ప్రాణవాయువుది. నీరు కదలకపోతే గంటల్లోనే చేపలు ఉక్కిరిబిక్కిరవుతాయి గనుక, దీపాలకు కాకపోయినా నీటిని కదిలించే పంపుకు ఇన్వర్టర్ ఉండాలి. ఉప్పునీరు, కరెంటు పక్కపక్కనే ఉండే చోట కరెంటు లీకైతే సరఫరాను ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్చు వేయరాదు.

బోరు నీటిని నేరుగా వాడరాదు. ఎరువుల నుంచి అందులోకి దిగిన నైట్రేటు తొట్టిలో నాచుకు మేత అవుతుంది. నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. బొగ్గు వడపోత, ఆర్వో పొర, ఆ తర్వాత మిగిలిన లవణాలను పట్టుకునే రెసిన్ దాటించి టీడీఎస్ సున్నాకు దించిన నీటిలోనే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని కలపాలి. వంటింటి ఉప్పు దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడు. కిలో సముద్రపు నీటిలోనైతే అది గాక 2.7 గ్రాముల సల్ఫేటు, 1.3 గ్రాముల మెగ్నీషియం, 0.4 గ్రాముల కాల్షియం, దాదాపు అంతే పొటాషియం ఉంటాయి. లీటరుకు 35 గ్రాముల లెక్కన, సంపుతో కలిపి 800 లీటర్ల తొట్టికి 28 కిలోల ఉప్పు పడుతుంది. నీరు సిద్ధమైనా చేపలకు వేళ కాదు. రాళ్లు, ఇసుక అమర్చి కొద్దిపాటి అమ్మోనియా ఇస్తే, దాన్ని నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు అనే రెండు విషాలూ సున్నాకు వచ్చేదాకా తొట్టి ఖాళీగానే ఉండాలి.

నీటిలోని మలినాలను తీసే ఉపాయం చెరకు సీమకు కొత్త కాదు. స్కిమ్మర్ అనే నిలువు గొట్టంలో ఉప్పునీటిని సన్నని గాలి బుడగలతో చిలికితే, నీటికి దూరంగా జరిగే స్వభావమున్న సేంద్రియ పదార్థాలు బుడగల ఉపరితలానికి అంటుకొని, బెల్లం పెనంలో మరిగే రసం మీద మడ్డి తేలినట్లు గోధుమరంగు నురుగుగా పైకి వచ్చి గిన్నెలో పడతాయి. అయితే నీటిలో కరిగిన నైట్రేటు నురుగుకు చిక్కదు. అందుకు పెంపకందారులు తొట్టిలో అతి స్వల్పంగా కర్బనాన్ని, అంటే పంచదారనో వెనిగర్‌నో ఆల్కహాలునో వేస్తారు. బాక్టీరియాకు నత్రజని, భాస్వరం నీటిలో పుష్కలంగా దొరుకుతాయి, కర్బనమే కొరత. అది అందగానే అవి నైట్రేటును, ఫాస్ఫేటును తమ శరీరంలో కట్టుకొని వృద్ధి చెందుతాయి, వాటిలో కొంత భాగాన్ని స్కిమ్మర్ బయటికి తోడేస్తుంది. ఆంధ్ర తీరపు రొయ్యల చెరువుల్లో బెల్లం, మొలాసిస్ చల్లడం వెనుక ఉన్న సూత్రమూ ఇదే. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద చెరకు విస్తరించి, 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసి, 2015 డిసెంబరులో అది మూతపడిన ఈ ప్రాంతంలో చక్కెరకు ఇటువంటి ఉపయోగం ఒకటి ఉందని తెలిసినవారు తక్కువ. మోతాదు మించితే బాక్టీరియా విజృంభించి నీరు పాలలా తెల్లబడుతుంది, రాత్రికి రాత్రే ప్రాణవాయువు హరించుకుపోతుంది. పంచదార కన్నా వెనిగర్ నెమ్మదిగా పనిచేస్తుందని చాలామంది దానికే మొగ్గుతారు.

కర్మాగారంలో రసాన్ని తేటపరచడానికి కలిపే సున్నం కూడా ఈ తొట్టికి అవసరమే. లీటరు శుద్ధజలంలో గ్రామున్నర కాల్షియం హైడ్రాక్సైడు కరిగించి, మడ్డి అడుగున పేరుకున్నాక పైతేటను మాత్రమే తీసుకొని, రోజూ ఆవిరైపోయే నీటి స్థానంలో చుక్కచుక్కగా పోస్తే, కాల్షియం, క్షారత రెండూ అస్థిపంజరం కట్టే జీవులు వాడుకునే నిష్పత్తిలోనే తిరిగి చేరతాయి. ఈ తేట పీహెచ్ పన్నెండు దాటుతుంది కనుక ఒక్కసారిగా పోయడం ప్రమాదం. శైవలాలు పనిచేయని రాత్రిపూట నీటిలో కార్బన్ డయాక్సైడు పెరుగుతుంది గనుక ఆ వేళే దీన్ని వదలడం మేలు. తాంబూలపు సున్నం, వెల్లవేసే సున్నం వంటివి మలినాలతో ఉంటాయి. ప్రయోగశాల స్థాయి శుద్ధత ఉన్నదే కొనాలి.

వేడి సంగతి వేరు. తొట్టి నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటి ఉపరితలం మీద చిన్న ఫ్యాన్లు తిప్పితే ఆవిరయ్యే ప్రతి లీటరూ 800 లీటర్ల నీటిని దాదాపు ముప్పావు డిగ్రీ చల్లబరుస్తుంది; గాలి పొడిగా ఉండే మే నెలలో ఇది చేసినంత మేలు తేమ నిండిన ఆగస్టులో చేయదు. చిల్లర్ ఏ కాలంలోనైనా పనిచేస్తుంది, కానీ తాను లాగిన వేడిని గదిలోకే వదులుతుంది గనుక మూసిన గదిలో పెడితే ప్రయోజనం ఉండదు. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు కాబట్టి లోటును మంచినీటితోనే పూడ్చాలి. ఉప్పునీరు పోస్తూ పోతే ఉప్పదనం రోజురోజుకూ పెరుగుతుంది.

ఇక తొట్టిలో ఏముండాలన్నది చట్టం తేల్చిన విషయం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలను, నల్ల పగడాలను, ఆర్గన్ పైప్ పగడాన్ని, నిప్పు పగడాలను, సముద్రపు విసనకర్రలను, వాటితోపాటు సముద్రపు గుర్రాలను చేర్చారు. 2022 సవరణ తర్వాతా రాతి పగడాలు అందులోనే ఉన్నాయి. బతికున్నవైనా, తెల్లటి అస్థిపంజరాలైనా వాటిని తెచ్చి ఉంచుకోవడం నేరం. అందువల్ల ఇక్కడి తొట్టికి కృత్రిమంగా పోతపోసిన రాళ్లే ఆధారం. కొన్ని నెలలకు వాటి మీద గులాబిరంగు సున్నపు నాచు పెంకులా పరుచుకుంటుంది, సున్నపు తేట అవసరమంతా ఆ నాచుకూ నత్తలకూ మాత్రమే. జోవాంథిడ్లు, కొరల్లిమార్ఫులనే మెత్తటి ప్రాణులు పై వర్గాలకు చెందవు గాని, అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూపే కాగితం లేనిదే కొనరాదు. రాతి పగడాల కోసం విదేశాల్లో అమ్మే ఖరీదైన కాల్షియం యంత్రాలకు ఇక్కడ పని లేదు కాబట్టి, ఆ డబ్బుతో మంచి స్కిమ్మర్, చిల్లర్ కొనడం తెలివైన పని. రాతి పగడం లేని దిబ్బను లోపభూయిష్టమైనదిగా చూడనక్కరలేదు. నీటి మీద అదుపు ఉన్న పెంపకందారుని నైపుణ్యం అందులోనూ అంతే స్పష్టంగా కనిపిస్తుంది.

చేపల్లో మొదట రావలసినవి క్లౌన్ చేపలు. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని, డామ్సెల్ చేపలను హేచరీల్లో పుట్టించే పద్ధతులను రూపొందించినందువల్ల దిబ్బల నుంచి పట్టవలసిన అవసరం తగ్గింది. హేచరీ పిల్లలు పొడి మేతకు అలవాటుపడి ఉంటాయి కూడా. ఏ చేపనైనా ముందు వేరే తొట్టిలో కొన్ని వారాలు ఉంచి, తెల్ల మచ్చల రోగం లేదని తేలాకే పెద్ద తొట్టిలోకి వదలాలి. క్లౌన్ చేపలన్నీ మగవిగానే మొదలై, జంటలో పెద్దది ఆడగా మారుతుంది. నీరు కుదురుకుంటే ఆ జంట రాయి మీద గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో, చీకటి పడ్డాక పిల్లలు బయటికి వస్తాయి. వాటికి మొదటి రోజుల్లో తినడానికి రోటిఫర్లనే కంటికి ఆనని జీవులు కావాలి, ఆ జీవులకు సూక్ష్మ శైవలాల పెంపకం కావాలి. పిల్లలను పెంచదలచినవారికి ఇంకొక తొట్టి, వీలైతే ఇంకొక గది అవసరమవుతుంది.