చిప్పుకి కాస్త టైమివ్వాలి

నెలనెలా జీఎస్టీ రిటర్ను వేసేవాళ్లకి 20వ తేదీ ఆఖరు. ఆ సాయంత్రం నందిగామలోనైనా జగ్గయ్యపేటలోనైనా అకౌంటెంట్ల ఆఫీసుల్లో ఊపిరాడదు. సొంత పేరున నడిచే మిర్చి కొట్టుకైతే ఫోనుకొచ్చే ఓటీపీతో పనైపోతుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా ఉన్న జిన్నింగ్ మిల్లుకి మాత్రం డిజిటల్ సంతకం పడాల్సిందే. ఆ సంతకపు డాంగిల్ పెట్టి, పిన్ కొట్టి చూస్తుంటే తెర మీద ‘టైమ్ అవుట్’ అని పడుతుంది. వెంటనే నాకు ఫోను: “అన్నా, డాంగిల్ పోయినట్టుంది, కొత్తది తెప్పించమంటావా?”

చాలాసార్లు డాంగిల్‌కి ఏమీ అయి ఉండదు. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉన్నా అది ఒక యూఎస్‌బీ కార్డ్ రీడరు. ఏటీఎం కార్డు మీద మెరిసే చిప్పులాంటిదే ఒకటి అందులో శాశ్వతంగా కూర్చుని ఉంటుంది. సంతకం చేసే రహస్య కీ ఆ చిప్పు దాటి బయటికి రాదు కాబట్టి సంతకపు లెక్కంతా చిప్పే కట్టాలి.

రీడరుకీ కార్డు చిప్పుకీ మధ్య మాటామంతీకి ఐఎస్‌ఓ 7816 అనే ప్రమాణం ఉంది. అందులో పాత పద్ధతి టీ=0. రీడరు అడిగాక చిప్పు మౌనంగా ఉండగలిగే గడువు, మామూలు వేగంలో, దాదాపు ఒక సెకను. అది దాటితే కార్డు పలకనట్టే లెక్క. మరి పని సెకనులో తెమలకపోతే? ఈ ప్రమాణం రాసినవాళ్లంటే నాకు గౌరవం కలిగేది ఇక్కడే. చిప్పు హెక్సాలో 60 అనే ఒక్క బైటు పంపితే చాలు, ‘పని మీదే ఉన్నాను, ఆగు’ అని చెప్పినట్టు. గడువు మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత వచ్చిన టీ=1లోనూ గడువు పెంచమని అడిగే సదుపాయం ఉంది. రీడరు ఆ సంగతి కంప్యూటరుకి చేరవేస్తుంది.

సర్టిఫికెట్ రెన్యువల్ రోజున దీని విలువ తెలుస్తుంది. ఆరోజు చిప్పు కొత్త కీ జత తయారుచేయాలి. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీకి రెండు ప్రధాన సంఖ్యలు కావాలి, ఒక్కొక్కటీ మూడు వందల పైచిలుకు అంకెలది. చిప్పు ఒక సంఖ్యని పట్టుకుని పరీక్షిస్తుంది, కాకపోతే ఇంకోదాన్ని పడుతుంది. త్వరగా దొరికితే కొన్ని సెకన్లు, లేకపోతే అరనిమిషం దాటినా దాటొచ్చు. అదే డాంగిల్, అదే కంప్యూటరు, అయినా పోయినసారి పట్టిన టైమే ఈసారీ పడుతుందని లేదు. లైటు మిణుకుమంటుండగా డాంగిల్ పీకేయడమంత నష్టం ఇంకోటి లేదు.

అయినా టైమ్ అవుట్ అనగానే గడువు అంకె పెంచేయడం నాకు నచ్చదు. రీడరుకొక గడువు, డ్రైవరుకొకటి, సంతకం చేయించే ఈఎమ్‌సైనర్ లాంటి ప్రోగ్రాముకొకటి, ఆపైన పోర్టల్ సెషనుకి ఇంకొకటి. లోపలి గడువు చిన్నది, బయటిది పెద్దది ఉండాలి. తిరగబడితే బయటివాడు విసిగి వెళ్లిపోయాక లోపల సంతకం పూర్తవుతుంది, అయిందో లేదో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు మళ్లీ నొక్కేముందు రిటర్ను స్టేటస్‌లో అది అందినట్టు చెప్పే ఏఆర్‌ఎన్ పడిందేమో చూడండి. అలాగని అన్ని గడువుల్నీ రెండేసి నిమిషాలు చేసేస్తే, చిప్పు నిజంగానే పోయినరోజు ఆ సంగతి తెలియడానికే రెండు నిమిషాలు పడుతుంది.

విండోస్ 8 నుంచి ఇంకో మెలిక వచ్చింది. ఏ ప్రోగ్రామైనా కార్డుని తన ఆధీనంలో పెట్టుకుని ఐదు సెకన్లకి మించి ఏ పనీ చెప్పకపోతే విండోస్ కార్డుని రీసెట్ చేసేస్తుంది. సరిగా రాయని ప్రోగ్రాములు కార్డుని పట్టుకుని ఉండగానే పిన్ అడుగుతాయి. మనం డైరీలో పిన్ వెతుక్కునేలోపు ఐదు సెకన్లు అయిపోతాయి. ఇలాంటిచోట ఏ అంకె పెంచినా లాభం లేదు, ప్రోగ్రామునే సరిచేయాలి. అంతవరకూ పిన్ చేతిలో పెట్టుకునే సంతకం బటన్ నొక్కాలి.

నేను వెళ్లగానే ముందు చూసేది మాత్రం పవర్ ఆప్షన్స్. అక్కడ యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆన్‌లో ఉంటే, కరెంటు పొదుపు కోసం కంప్యూటరు ఖాళీగా ఉన్న పోర్టుని నిద్రపుచ్చుతుంది. కొన్ని రీడర్లు ఆ నిద్రలోంచి సరిగా లేవవు. దాన్ని ఆపేసి, డాంగిల్‌ని హబ్బులోంచి తీసి కంప్యూటరు వెనక పోర్టుకి మారుస్తాను. ఆ తర్వాతే గడువుల జోలికి వెళ్తాను.